పుర్రచెయ్యి

పేరు ఏసుపాదం.
పాదం కాదు, వీడంతా చెయ్యే అనేది వాళ్ళమ్మ,
అదీ పుర్రచెయ్యి.
ఆ చేత్తో ముద్ద కలిపితే వేళ్ళ మీద అట్లకాడ.
ఆ చేత్తో డబ్బులిస్తే అంగడి శెట్టి కింద పెట్టమనేవాడు.
కుడిచేత్తో ఇచ్చినా కిందే పెట్టమనేవాడు,
అది వేరే సంగతి.

బిట్రగుంట లోకోషెడ్డులో నాయన బూడిద లాగే ఖలాసీ.
పద్నాలుగేళ్ళకి వీడికి ఇన్‌స్టిట్యూట్‌లో నేల తుడిచే పని.
శనివారం రాత్రి దొరల బూట్లు, దొరసానుల గౌన్లు,
మూలన పియానో.
దాని మీద దుమ్ము తుడవడం కూడా జీతంలోదే,
చప్పుడు మాత్రం కాకూడదు.
ఏ మెట్టు ఎంత నొక్కితే పలుకుద్దో
పలికించకుండానే నేర్చుకున్నాడు.

డ్రైవర్ పెరేరా మద్రాసు నుంచి ఒక రికార్డు తెచ్చాడు.
నడిమధ్య కాగితం ఊడిపోయిన రికార్డు,
వాయించినాయన పేరు ఆ కాగితంతోనే పోయింది.
ఎవరో నల్లాయన, ఆ బాణీకి మొదటివాళ్ళలో ఒకడంట.
అడివిలో మాన్లు కొట్టే కూలోళ్ళ పాకల్లో
కూడూ సారా పోస్తే తెల్లార్లూ వాయించేవాడంట,
టిక్కెట్టు లేకుండా గూడ్సులెక్కి ఊరూరూ తిరిగి
ఏ ఊళ్ళోనో పోయాడంట.
పెరేరాకి తెలిసింది అంతే,
అందులో సగం తాగి చెప్పింది.

దాన్ని బూగీ అన్నారు.
షెడ్డు మొత్తం బోగీ అని వినింది.
తప్పేం లేదు.
కుడిచెయ్యి కిటికీ పక్కన కూర్చున్న మనిషి,
నవ్వుద్ది, ఏడుస్తది, టేషన్లో వేరుశెనక్కాయలు కొంటది.
ఎడమచెయ్యి కింద చక్రం.
ఏడ్చే తీరిక లేదు దానికి.

ఏసుపాదం చీపురు పట్టుకుని నిలబడిపోయాడు.
ఎనిమిది దెబ్బలు. మళ్ళీ ఎనిమిది.
అన్నం తినేటప్పుడూ నాయన దగ్గేటప్పుడూ
పుట్టిన కాణ్ణించి విన్నదే.
మన షెడ్డు చప్పుడు ఆయనకెట్టా తెలిసిందబ్బా
అనుకున్నాడంట.

తాళం చెవి తన దగ్గరే గదా, రాత్రిళ్ళు వాయించాడు.
దొరికాడు.
సెక్రటరీ దొర బెల్టు తీస్తే పెరేరా ఆపి
ఇంకోసారి వాయించరా అన్నాడు.
ఆ తర్వాత ప్రతి శనివారం దొరసానుల మడమలు
వాడి పుర్రచెయ్యి చెప్పినట్టే విన్నాయి.
జీతం మాత్రం నేల తుడిచినందుకే,
చివరిదాకా.

నేను చూసేటప్పటికి పెరేరా లేడు, ఆవిరి లేదు,
పియానో కడుపులో చెదలు.
కావలి బస్టాండు టీ బల్ల మీద
గ్లాసులు ఎగిరేట్టు వాయిస్తుంటే ఓనరు తిడతన్నాడు.
నేర్పుతావా అన్నాను.
నీ పెట్టెలో పుర్రచేతికి తిత్తి కొట్టే పనేగా,
కాళ్ళ హార్మోనియం కొనుక్కో, చెయ్యి ఖాళీ అవుద్ది, అప్పుడు రా.
గేదెనమ్మి కొన్నాను.

సింగరాయకొండ నాటకంలో
రాజుపాత్ర నరసారెడ్డి రాగం తీస్తుంటే
అడుగున ఆ ఎనిమిది వదిలాను.
పద్యం కింద రైలు తోల్తావంట్రా
అని కిరీటంతోనే తెర వెనక్కొచ్చి కొట్టబోయాడు.
జనం వన్స్ మోర్ అన్నారు.
మర్సటేడు తనే అడిగాడు, మెల్లిగా,
ఆ రైలు వెయ్యరా కొంచెం.
ఇప్పుడు కందుకూరు కుర్రాళ్ళు కీబోర్డుల మీద వేస్తన్నారు,
ఎక్కడిదో వాళ్ళకి తెలవదు.
వాళ్ళని ఏమంటాం.

మొన్న ఒంగోల్లో శాలువా కప్పారు.
మైకాయన కాగితం చేతబట్టుకుని
మీ గురువుగారు అన్నాడు. చెప్పాను.
ఇంటిపేరు అడిగి, విని, రెండో ప్రశ్నకి కాస్త ఆలస్యం చేశాడు.
ఆయన గురువుగారో?
కాగితం ఊడిపోయిందయ్యా అన్నాను.

ఏం రాసుకున్నాడో తెలవదు.
తిరుగు రైల్లో పట్టాల అతుకుల చప్పుడు లేదు, నున్నగా జారిపోతంది.
నా ఎడమచెయ్యి మాత్రం
ఎదుటాయన సూట్‌కేసు మీద ఆడతా ఉంది.
తియ్యమని ఆయన అనలేదు.